జీనీకి భాష ఎందుకు పూర్తిగా రాలేదు? మాటలు ఆలస్యమైన మా మేనల్లుడి గతీ అంతేనా?

జీనీ గురించిన డాక్యుమెంటరీ చూశాక మీరు రెండు ప్రశ్నలు అడిగారు. పన్నెండేళ్లు గదిలో బందీగా బతికిన ఆ పిల్లకు, అంతమంది శాస్త్రవేత్తలు చుట్టూ ఉండి కూడా భాష ఎందుకు నేర్పలేకపోయారన్నది మొదటిది. మీ అక్క కొడుక్కి మూడున్నరేళ్లు వచ్చినా పది మాటలు కూడా లేవు, ఇంట్లో ఎవరి పనుల్లో వాళ్లుండి ఫోను చేతికిచ్చి పెంచాం, వాడి గతీ అంతేనా అన్నది రెండోది. అసలు దిగులు రెండో ప్రశ్నలోనే ఉంది కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను.

కాదు. మీ మేనల్లుడి పరిస్థితికీ జీనీ పరిస్థితికీ పోలిక లేదు. అయితే మూడున్నరేళ్లకు పది మాటలు లేకపోవడం చూస్తూ ఊరుకోదగ్గ విషయం కాదు. ఈ వారంలోనే వినికిడి పరీక్షకు తీసుకెళ్లండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

ఇక జీనీ సంగతి. ఆమెకు మాటలు వచ్చాయి, వాక్యం రాలేదు. వయసు దాటిపోవడం అందుకు ఒక కారణం. అదొక్కటే కారణమని ఆ ఒక్క కేసును బట్టి ఎవరూ తేల్చలేరు. డాక్యుమెంటరీ చూసినవాళ్లు ఎక్కువగా పట్టించుకోని ఇంకో రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆమెను గదిలో పెట్టకముందే ‘ఈ పిల్లకు ఏమీ అర్థం కాదు’ అని ఆ ఇంట్లో వేసిన ముద్ర. రెండోది, బయటికి వచ్చిన ఐదేళ్లకు ఆమెకు దగ్గరైన మనుషులందరూ దూరమైపోవడం.

నేను స్పీచ్ థెరపిస్టును. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వినికిడి లోపం ఆలస్యంగా బయటపడ్డ పిల్లలు, ఆ తర్వాత ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్న పిల్లలు. జీనీ కేసు మా చదువులో పాఠం. వృత్తిలోకి వచ్చాక దాన్ని చూసే తీరు మారింది. ఆ అనుభవం నుంచే ఇది రాస్తున్నాను.

డాక్యుమెంటరీ చూడనివాళ్ల కోసం కొంచెం నేపథ్యం. జీనీ అసలు పేరు కాదు, ఆ పిల్ల వివరాలు బయటపడకుండా పరిశోధకులు వాడిన పేరు. 1957లో కాలిఫోర్నియాలో పుట్టింది. సుమారు ఇరవై నెలల వయసు నుంచి తండ్రి ఆమెను లాస్ ఏంజెలిస్ దగ్గరి ఇంట్లో ఒక వెనక గదిలో బంధించాడు. పగలు చిన్నపిల్లల మలవిసర్జన కుర్చీకి పట్టీలతో కట్టేసేవారు. రాత్రి చేతులు కదలకుండా సంచిలాంటి దాంట్లో బిగించి, తీగజాలీ ఉన్న తొట్టెలో పడుకోబెట్టేవారు. శబ్దం చేస్తే కర్రతో కొట్టేవాడు. తండ్రి ఆమెతో మాట్లాడడు, తలుపు దగ్గర నిలబడి కుక్కలా మొరిగేవాడు, గుర్రుమనేవాడు. తల్లి గానీ అన్న గానీ పలకరించడానికి వీల్లేదు. తల్లికి చూపు దాదాపు పోయింది, ఆమె కూడా భర్త దెబ్బలు తిన్న మనిషే.

ఎలాగో ఇల్లు వదిలి బయటపడ్డ ఆ తల్లి 1970 నవంబరులో, కంటిచూపు లేనివాళ్లకిచ్చే సాయం కోసం పిల్లను వెంటబెట్టుకుని వెళ్లి, పొరపాటున వేరే సంక్షేమ కార్యాలయంలోకి అడుగుపెట్టింది. అక్కడి ఉద్యోగిని ఆ పిల్లకు ఆరేడేళ్లు ఉంటాయనుకుంది. అప్పటికి పదమూడేళ్లు నిండాయి. బరువు 27 కిలోలు. ఘనాహారం నమలడం రాదు, నడక కుందేలు గెంతినట్టు ఉండేది. నోటివెంట వచ్చిన కొద్ది మాటల్లో ఎక్కువ ‘ఆపు’, ‘ఇక వద్దు’ అనే అర్థమున్నవే. ఆ ఇంట్లో ఆమె చెవిన పడ్డ భాష అదీ. కోర్టుకు హాజరు కావలసిన రోజునే తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు.

ఈ కేసుకు అంత ప్రాధాన్యం రావడానికి కాలం కూడా కలిసొచ్చింది. అప్పటికి మూడేళ్ల క్రితమే, 1967లో, మెదడుకూ భాషకూ ఉన్న సంబంధం మీద పనిచేసిన ఎరిక్ లెనెబర్గ్ తన పుస్తకంలో భాష నేర్చుకోవడానికి ప్రకృతి పెట్టిన గడువు ఒకటుందని ప్రతిపాదించాడు. సుమారు రెండేళ్ల వయసు నుంచి యుక్తవయసు వరకు మాత్రమే మెదడు మొదటి భాషను సహజంగా పట్టుకోగలదని ఆయన వాదన. దాన్ని పరీక్షించాలంటే ఒక పిల్లను భాషకు దూరంగా పెంచాలి. ఏ మనిషీ చేయకూడని పని అది. తండ్రి చేసిన దుర్మార్గం వల్ల అలాంటి పిల్ల, సరిగ్గా యుక్తవయసు అంచున, ఆసుపత్రికి చేరింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధనకు నిధులిచ్చింది. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర విద్యార్థిని సుజాన్ కర్టిస్ ఆమె భాషను కొన్నేళ్లపాటు దగ్గరుండి గమనించి 1977లో పుస్తకం వేసింది. మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ పుస్తకం నుంచే.

ఇంతకీ ఏం వచ్చింది, ఏం రాలేదు? పేర్లు వచ్చాయి, వందల్లో. రంగులు, ఆకారాలు, వస్తువుల తేడాలు చాలా సూక్ష్మంగా అడిగి తెలుసుకునేది. రెండు మాటలు, మూడు మాటలు జతచేసేది. అన్నిటికంటే ముఖ్యం, భాష రాకముందు తనకు జరిగినదాన్ని వచ్చిన కొద్ది భాషతో చెప్పగలిగింది: “నాన్న కొట్టు చెయ్యి. పెద్ద కర్ర. జీనీ ఏడుపు.” అయితే ఏళ్లు గడిచినా ఆ మాటలు అలాగే విడివిడిగా ఉండిపోయాయి. సర్వనామాలు కుదరలేదు. ప్రశ్న అడిగే వాక్యం ఎంత నేర్పినా నిలబడలేదు.

ఇది ఎంత పెద్ద లోటో తెలియాలంటే మనింట్లో రెండున్నర, మూడేళ్ల పిల్లల మాట వినండి. “తాత వచ్చాడు, అమ్మమ్మ రాలేదు. నేను తినను, వాడు తినడు.” మనిషిని బట్టి క్రియ చివర మారాలని, కాదనడానికి ఒకచోట ‘రాలేదు’ అని, ఇంకోచోట ‘తినను’ అని అనాలని ఆ పిల్లలకు ఎవరూ పాఠం చెప్పలేదు. చుట్టూ వినబడే మాటల్లోంచి వాళ్లే ఏరుకున్నారు. జీనీలో ఆ ఏరుకునే శక్తి పనిచేయలేదు. ఒక చెవిలో ఒక మాట, రెండో చెవిలో ఇంకో మాట వినిపించే పరీక్షలు చేస్తే, కుడిచేతి వాటం ఉన్న ఆమె భాషను మెదడు కుడివైపు భాగంతో పట్టుకుంటున్నట్టు తేలింది. మామూలుగా ఆ పని చేసేది ఎడమవైపు. వాడకం లేక ఆ భాగం వెనకబడిందని కర్టిస్ వాదన.

నా దగ్గరికి తొమ్మిదేళ్ల వయసులో ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. పుట్టుకతోనే తీవ్రమైన చెవుడు. ఊళ్లో అందరికీ తెలుసు, వినికిడి మిషన్ పెట్టించవచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు. జీనీలా కాదు, తల్లి కళ్లలో పెట్టుకుని పెంచింది. తిండికి, ముద్దుకు, ఆటకు లోటు లేదు. ఇంటివరకు పనికొచ్చే సైగలు కొన్ని తల్లీకూతుళ్లు కల్పించుకున్నారు. మిషన్ పెట్టాక పేర్లు బాగా పట్టుకుంది. ఒకరోజు రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాను. ఒకదాంట్లో కోడి గంప కింద ఉంది, రెండోదాంట్లో గంప మీద ఉంది. రెండింటికీ “కోడి గంప” అనే అంది. నేను తల అడ్డంగా ఊపితే, మొదటి బొమ్మ దగ్గర అరచేయి బోర్లించి దాని కింద రెండో చేతి వేళ్లు ఆడించింది, రెండోదాని దగ్గర వేళ్లు అరచేతి మీదికి ఎక్కించింది. తేడా ఆ పిల్లకు స్పష్టంగా తెలుసు. దాన్ని మాటలో పెట్టే దారి మాత్రం మూసుకుపోయి ఉంది. ‘కింద’, ‘మీద’ అనే మాటలు నేర్పితే వచ్చాయి. ‘లో’, ‘కి’, ‘తో’, ‘నుంచి’ మాత్రం ఎంత సాధన చేసినా ఒకరోజు వచ్చి ఒకరోజు పోయేవి.

ప్రేమగా పెరిగిన పిల్లలో కూడా అదే రకం లోటు కనిపించడం వల్లనే, వయసుకు నిజంగా పాత్ర ఉందని నేను నమ్ముతాను. నా ఒక్క అనుభవం మీద చెబుతున్న మాట కాదు. బధిరులలో సంకేత భాషను పుట్టుక నుంచి చూసి నేర్చుకున్నవాళ్లనూ, అంతకుముందు ఏ భాషా లేకుండా బాల్యం దాటాక నేర్చుకున్నవాళ్లనూ పోల్చి రేచల్ మేబెర్రీ వంటి పరిశోధకులు చేసిన అధ్యయనాల్లో, ఆలస్యంగా మొదలైనవాళ్లకు వ్యాకరణంలో లోటు దశాబ్దాల తర్వాత కూడా కనిపించింది. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. భాష అంటే నోటి మాటే కానక్కర్లేదు. చిన్నప్పటి నుంచి సంకేత భాష చూసిన బధిర బాలుడికి మీకూ నాకూ ఉన్నంత పూర్తి భాష ఉంటుంది. మెదడుకు కావలసింది వేళకు అందే ఏదో ఒక నిండైన భాష.

ఆలస్యమైందని నేర్పడం మానేయాలా? ఎంతమాత్రం కాదు. ఆ అమ్మాయి పెద్దదైంది. బస్సులో నుంచి తల్లికి ఫోనులో మెసేజ్ పెడుతుంది: “బస్సు ఎక్కు. సీటు లేదు. నిలబడు.” వ్యాకరణం లేదు, విషయం మొత్తం ఉంది. ఆ తల్లికి రోజంతా కంగారు లేకుండా చేసేది ఆ మూడు ముక్కలే.

జీనీ విషయంలో వయసొక్కటే కారణమని ఎందుకు చెప్పలేమో ఇప్పుడు చూడండి. ఆ పిల్లకు లేనిది భాష ఒక్కటే కాదు. తిండి లేదు, వెలుతురు లేదు, ఆట లేదు, తాకే చేయి లేదు. నోరు తెరిస్తే దెబ్బ పడుతుందని పన్నెండేళ్లు శరీరానికి నేర్పారు. ఆసుపత్రిలో కూడా కోపం వస్తే అరిచేది కాదు, శబ్దం రాకుండా తనను తాను గీరుకునేది. గొంతంటేనే భయపడే పిల్లలో భాష రాకపోతే, తప్పు వయసుదా, భయానిదా? పుట్టుకతోనే మెదడులో లోపం ఉండిందా అన్న చర్చ కూడా తేలలేదు. నిద్రలో తీసిన మెదడు తరంగాల రికార్డులు చూసి డాక్టర్ జే షర్లీ లోపం ఉండి ఉండవచ్చన్నాడు. ఏడాదికేడాది పరీక్షల్లో ఆమె మానసిక వయసు పెరుగుతూ వచ్చింది కాబట్టి కాదని కర్టిస్ అంది. ఆ పైన కర్టిస్ మొదటి పుస్తకంలో జీనీ వ్యాకరణం గురించి రాసినదానికీ, తర్వాతి రచనల్లో అన్నదానికీ పొంతన కుదరదని, తర్వాతివి మరీ నిరాశగా ఉన్నాయని పీటర్ జోన్స్ అనే పరిశోధకుడు 1995లో ఎత్తిచూపాడు. కాబట్టి “పదమూడేళ్లు దాటితే భాష రాదని జీనీ నిరూపించింది” అని ఎక్కడ చదివినా ఆ మాటను తేలిపోయిన నిజంగా తీసుకోకండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. జీనీ పుట్టినప్పుడు తల్లి రక్తానికీ పిల్ల రక్తానికీ పొసగక రక్తం మార్చాల్సి వచ్చింది. తుంటి కీలు జారి ఉండటంతో నెలల తరబడి కాళ్లకు పట్టీ వేశారు, అందువల్ల నడక ఆలస్యమైంది. పద్నాలుగు నెలలప్పుడు జ్వరంతో తీసుకెళితే ఒక వైద్యుడు పిల్లకు బుద్ధిమాంద్యం ఉండవచ్చని అన్నాడు. అది అనుమానం మాత్రమే. తండ్రి దాన్ని తీర్పుగా తీసుకున్నాడు. కొన్నాళ్లకు అతని తల్లి రోడ్డు ప్రమాదంలో చనిపోయింది, గుద్దిన బండి ఆగకుండా పోయింది. అతని మనసు పూర్తిగా చెడింది. లోకం ఈ పిల్లను హింసిస్తుంది, నేనే కాపాడాలి అంటూ గదిలో వేసి తలుపేశాడు.

అతను చేసినది ఘోరమైన నేరం, అందులో సందేహం లేదు. నన్ను వెంటాడేది అంతకుముందు అడుగు. “ఈ పిల్లకు చెప్పినా అర్థం కాదు” అని ఒక ఇల్లు తీర్మానించుకున్న క్షణం. ఆ తీర్మానం నేను మన ఇళ్లలో తరచూ చూస్తాను. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక బాబు ఇంటికి వెళ్లాను. తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కారు, వేళకు స్నానం, వేళకు తిండి, మంచం మీద దుప్పటి శుభ్రంగా ఉంది. మంచం మాత్రం వంటింటి వెనక వసారాలో. చుట్టాలొస్తే ఆ తలుపు వేస్తారు. వాడి ముందే నాయనమ్మ అంది: “వాడికేం తెలుసమ్మా, వాడితో ఏం మాట్లాడతాం?” నేను వాడి పక్కన కూర్చుని, మంచానికి అటొకటి ఇటొకటి వస్తువులు పెట్టి “నీళ్లేవి?” అన్నాను. మెడ నిలవని ఆ పిల్లవాడి కళ్లు మెల్లగా తిరిగి స్టీలు గ్లాసు మీద ఆగాయి. “బంతి?” అన్నాను. కళ్లు రెండోవైపుకు వెళ్లాయి. నాయనమ్మ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, చోటు మార్చి పెట్టి, తానే మళ్లీ అడిగింది. ఆ తర్వాత నెలల్లో మంచం ముందు గదిలోకి వచ్చింది. వాడికి ఈరోజుకీ నోటి మాట లేదు, బొమ్మల పలకను కళ్లతో చూపిస్తూ కావలసినవి అడుగుతాడు.

పిల్లను ఒంటరిగా చేయడానికి తాళం అక్కర్లేదు. మాట్లాడటం మానేస్తే చాలు. అందుకే ఏ వైద్యుడైనా, ఏ బంధువైనా మీ మేనల్లుడి గురించి ఏ పేరు పెట్టినా సరే, వాడితో మాట్లాడటం ఒక్క పూట కూడా తగ్గకూడదు.

డాక్యుమెంటరీ రెండో సగం మీకు ఎలా అనిపించిందో తెలియదు, నాకు మాత్రం మొదటి సగం కంటే అదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక జీనీ పరిశోధక బృందంలోని మనస్తత్వవేత్త డేవిడ్ రిగ్లర్ ఇంట్లో నాలుగేళ్లు పెరిగింది. నవ్వడం నేర్చుకుంది, కోపాన్ని బయటికి చూపించడం నేర్చుకుంది, కొంత సంకేత భాష నేర్చుకుంది. మాట లేకుండానే మనుషులను తనవైపు లాక్కునే గుణం ఆమెకు ఉండేది. వీధిలో బొమ్మ ఫైరింజను పట్టుకుని తండ్రితో పోతున్న ఒక పిల్లవాడు, ఆమెను దాటి వెళ్లినవాడు, వెనక్కి వచ్చి మాటైనా లేకుండా ఆ బొమ్మను ఆమె చేతిలో పెట్టి వెళ్లాడని ఆమె వెంట ఉన్నవాళ్లు చెప్పారు. 1974లో పరిశోధనకు నిధులు ఆగిపోయాయి. సేకరించిన సమాచారం ఒక పద్ధతిలో లేదన్నది అభ్యంతరం. 1975లో రిగ్లర్ ఇంట్లో ఆమె వాసం ముగిసింది. కొద్దికాలం తల్లి దగ్గర ఉంది, తల్లికి చేతకాలేదు. ఆ తర్వాత ఒక పెంపుడు ఇంటి నుంచి ఇంకో ఇంటికి. ఒకచోట వాంతి చేసుకున్నందుకు కఠినంగా శిక్షించారు. నోరు తెరిస్తే మళ్లీ వాంతి అవుతుందన్న భయంతో ఆమె నోరు తెరవడమే మానేసింది, మాట కూడా ఆపేసింది. 1977లో మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. కొద్ది నెలల్లోనే పరిశోధకులకు ఆమెను కలిసే వీలు లేకుండా పోయింది. తల్లి వేసిన దావా 1984లో రాజీతో ముగిసింది. ఆ తర్వాత జీనీ కాలిఫోర్నియాలో పెద్దవాళ్ల సంరక్షణ గృహాల్లో గడిపింది.

శాస్త్రవేత్తలందరినీ ఒక్క గాటన కట్టి తిట్టడం న్యాయం కాదు. నిధులు ఆగినా కర్టిస్ జీతం లేకుండానే ఆమెను చూడటానికి వెళుతూ వచ్చింది. అయినా నా అభిప్రాయం దాచుకోను: ఆ పిల్లకు మొదట కావలసింది ఎన్నటికీ మారని ఒక ఇల్లు, ఆ తర్వాతే పరీక్షలు. సంరక్షణ, చికిత్స, పరిశోధన మూడూ ఒకే చేతుల్లో పెట్టి, పరిశోధనకు డబ్బు ఆగగానే మిగతా రెండూ కూలిపోయేలా చేశారు. పద్దెనిమిదేళ్లు దాటాక ఆమె భాష ఎంతవరకు వెళ్లగలదో మనకు తెలియకుండా పోయింది కూడా అందుకే.

నిలకడైన మనుషులు దొరికితే ఏం జరుగుతుందో చూపే కేసులు ఉన్నాయి. 1930లలో అమెరికాలోని ఒహాయోలో, మాటా వినికిడీ లేని తల్లితో పాటు చీకటి గదిలో పెరిగి, ఆరున్నరేళ్లకు బయటపడ్డ ‘ఇసబెల్’ అనే పాప రెండేళ్లలో తోటివాళ్లను అందుకుంది. చెకోస్లొవేకియాలో సవతి తల్లి చేతిలో ఐదేళ్లకు పైగా నిర్బంధం అనుభవించి 1967లో, ఏడేళ్ల వయసులో బయటపడ్డ కవలలు, మంచి ఇంట్లో పెరిగి పద్నాలుగేళ్లకల్లా మామూలు పిల్లలయ్యారు. వాళ్లకు ఒకరికొకరు ఉన్నారు, బయటపడింది ఏడేళ్లకు, చివరికి చేరిన ఇల్లు మారలేదు. ఈ మూడూ జీనీకి లేవు. (బెంగాల్‌లో తోడేళ్లు పెంచిన అక్కాచెల్లెళ్లంటూ మన పాఠ్యపుస్తకాల్లో కూడా కనిపించే 1920 నాటి మిడ్నపూర్ కథను మాత్రం ఈ జాబితాలో చేర్చకండి. దానికి ఆధారం ప్రధానంగా ఒక అనాథాశ్రమ నిర్వాహకుడి రాతలే, తర్వాత పరిశీలించినవాళ్లు అవి నమ్మదగ్గవి కావన్నారు.)

అన్నిటికంటే గట్టి ఆధారం రొమేనియాది. 1989 డిసెంబరులో నియంత చౌషెస్కు ప్రభుత్వం కూలినప్పుడు ఆ దేశపు అనాథాశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలున్నారు. తిండీ గుడ్డా ఎంతో కొంత ఉన్నాయి, పలకరించే మనిషి లేడు. 2000లో ఆ దేశ రాజధాని బుకారెస్ట్‌లో మొదలైన అధ్యయనంలో 136 మంది పసిపిల్లల్లో సగం మందిని చీటీ వేసినట్టు ఎంచి పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లు తెలివితేటల్లో, అనుబంధాల్లో ముందుకొచ్చారు. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు బాగా ముందుకొచ్చారు. భాషలో పదిహేను నెలలలోపు వెళ్లినవాళ్లు దాదాపు మామూలు పిల్లలకు సమానమయ్యారు. త్వరపడటం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి నేను జీనీని కాదు, ఈ అధ్యయనాన్నే చూపిస్తాను.

ఇక మీ మేనల్లుడు. మీరు రాసినదాన్ని బట్టి వాడి చుట్టూ అమ్మ, నాన్న, అమ్మమ్మ, మీరు ఉన్నారు. టీవీ మోగుతుంది, పాలవాడు పిలుస్తాడు, పక్కింటివాళ్లు వస్తారు, వాడికి అన్నం కలుపుతూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. మామూలు వినికిడి, మామూలు ఎదుగుదల ఉన్న పిల్లకు ఈ మాత్రం మాట చాలు, భాష వస్తుంది. కాబట్టి ఫోను ఇచ్చినందుకే మాట రాలేదని మీ అక్క తనను తాను శిక్షించుకోనక్కర్లేదు. ఫోను తగ్గించండి, ఎదురుగా మాట్లాడే సమయాన్ని అది తినేస్తుంది. కానీ ఫోను తీసేసి, మాటలు వస్తాయిలే అని ఆరు నెలలు ఎదురుచూడకండి. ‘వర్చువల్ ఆటిజం’ (ఫోను, టీవీ ఎక్కువ చూడటం వల్ల వచ్చే ఆటిజం) అని ఇప్పుడు వీడియోల్లో బాగా వినిపిస్తున్నది వైద్య ప్రమాణాల్లో గుర్తించిన రోగనిర్ధారణ కాదు. అసలు కారణం వెతకకుండా ఆపే పేరు అది.

మొదట వినికిడి. “కుక్కర్ విజిల్ వేస్తే తిరిగి చూస్తాడండీ, చెవులు బాగానే ఉన్నాయి” అని నాకు దాదాపు ప్రతి తల్లీ చెబుతుంది. విజిల్, టపాకాయ పెద్ద శబ్దాలు. కొంత వినికిడి లోపం ఉన్న పిల్లలు వాటికి తప్పకుండా తిరుగుతారు. వాళ్లకు అందనివి ‘స’, ‘శ’, ‘ఫ’ లాంటి సన్నని ధ్వనులు, మాట చివర నెమ్మదిగా పలికే అక్షరాలు. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవి లోపల నీరు చేరి కూడా వినికిడి మందగిస్తుంది. అది మందులతోనో చిన్న శస్త్రచికిత్సతోనో బాగుపడేది. ఓఏఈ (లోపలి చెవి పనితీరు చూసేది), బెరా (శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసేది) పరీక్షలు చేయించండి. బెరాకు పిల్లవాడు నిద్రపోవాలి, నొప్పి ఉండదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రంలో ఈ పరీక్షలు చేస్తారు. జిల్లా ఆసుపత్రిలో బాలల సత్వర చికిత్సా కేంద్రం ఉందేమో కూడా అడగండి. తీవ్రమైన లోపం తేలినా దారి ఉంది, కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) శస్త్రచికిత్స ఉంది, మీ రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలో వాడి వయసుకు వర్తిస్తుందేమో అడగండి.

వినికిడి బాగుంటే తర్వాతి ప్రశ్న ఆటిజం. ఇంట్లోనే కొన్ని గమనించండి. పేరు పెట్టి పిలిస్తే చూస్తాడా? ఆకాశంలో విమానం కనిపిస్తే వేలు చూపించి, మీరు కూడా చూశారా అని మీ ముఖంలోకి చూస్తాడా? నీళ్లు కావాలంటే మీ చేయి పట్టుకుని కుండ దాకా లాక్కెళ్లి, మీ ముఖం చూడకుండా చేతినే ముందుకు తోస్తాడా? వచ్చిన మాటలు ఏమైనా పోయాయా? ఇవి రాసిపెట్టుకుని వైద్యులకు చెప్పండి. ఒకవేళ ఆటిజం అని తేలితే అది పెంపకం వల్ల వచ్చింది కాదు. తల్లుల ఆదరణ లేకపోవడమే కారణమని 1950, 60లలో అమెరికాలో బ్రూనో బెటెల్‌హైమ్ లాంటివాళ్లు ప్రచారం చేసి ఎందరో తల్లులను ఏడిపించారు. అది తప్పని ఎప్పుడో తేలిపోయింది.

“మగపిల్లలకు ఆలస్యమే, వాళ్ల నాన్నకూ ఐదేళ్లకు గానీ రాలేదు” అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. అనుకోనివ్వండి, వాళ్లతో వాదించకుండా పరీక్షకు వెళ్లండి. రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనకపోతే చూపించాలన్నది మా కొలత, మీవాడు అది ఏడాదిన్నర దాటాడు.

ఈలోగా ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. వాడి ఎత్తుకు కూర్చుని, వాడు ఏది చూస్తుంటే దాని గురించే చిన్న మాటల్లో చెప్పండి: “కారు. కారు పడింది. పైకి తీద్దామా?” అని ఆగండి. మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఆగండి. ఎక్కువమంది ఆగలేరు, జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. వాడు ఏ శబ్దం చేసినా దాన్ని మాటగానే తీసుకుని బదులివ్వండి. “ఇదేమిటి? అదేమిటి?” అని పరీక్ష పెట్టకండి. మీకు నోరారా వచ్చే భాషలోనే మాట్లాడండి. స్కూలు కోసమని ఇంట్లో ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లు చూస్తున్నాను. విదేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా రెండు భాషల వల్లే మాట ఆగిందేమోనని తెలుగు మానేస్తున్నారు. రెండు భాషలు వినడం వల్ల భాషా లోపం రాదు. తెలుగు ఆపేస్తే వాడికి ఇంట్లో దొరికే నిండైన భాష పోతుంది.

మీ ప్రశ్న కింద ఒకరు, తమ వీధిలో ఒక పిల్లను ఎప్పుడూ గదిలోనే ఉంచుతున్నారని, ఏం చేయాలని అడిగారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి, మీ పేరు చెప్పనక్కర్లేదు. 2015 బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, సంరక్షణలో ఉన్న పిల్లలను నిర్లక్ష్యం చేయడం, హింసించడం మూడేళ్ల వరకు జైలు పడే నేరం. అదే సమయంలో, కూలికి వెళ్లే తల్లి వేరే దిక్కులేక బిడ్డ రోడ్డు మీదికి పోకుండా మంచానికి కట్టేసి వెళ్లే సందర్భాలు నేను చూశాను. ఆమెకు కావలసింది కేసు కాదు, పగటిపూట బిడ్డను చూసుకునే చోటు. మండలంలోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది), అంగన్‌వాడీ కార్యకర్త అలాంటప్పుడు పనికొస్తారు. ఏది ఏదో తేల్చేది బాలల సంక్షేమ సమితి. మీ పని సమాచారం ఇవ్వడం.

చివరిగా, మీ అక్కకు ఆ డాక్యుమెంటరీ ఇప్పుడు చూపించకండి. పరీక్షకు వెళ్లేముందు వాడు ఇంట్లో మామూలుగా ఆడుకుంటున్నప్పటి వీడియోలు రెండు మూడు తీసిపెట్టుకోండి, వాడికి తెలియకుండా, ఒకటి అన్నం తినేటప్పుడు తీస్తే మంచిది. కొత్త గదిలో, కొత్త మనుషుల ముందు చాలామంది పిల్లలు ఏమీ చేయరు. ఆ వీడియోలు చూస్తే పరీక్ష చేసేవాళ్లకు సగం పని అయిపోతుంది. బెరా రిపోర్టు వచ్చాక రెండు చెవుల అంకెలూ విడివిడిగా, వాడి వయసు నెలల్లో రాయండి. తర్వాత ఏం చేయాలో చెబుతాను.